పలకని కాయిల్

నేరం జరిగిన చోటికి రెండోవాడిగా చేరుకోవడం భూతద్దంగారికి ఇది వరుసగా మూడోసారి. మొదటివాడు ప్రతిసారీ ఒక్కడే కావడం, ఆ ఒక్కడూ తన షడ్డకుడే కావడం ఆయన మనశ్శాంతిని సమూలంగా పెకలించివేసిన విషయం.

భూతద్దం అన్నది లోకం ఇచ్చిన బిరుదు. ప్రైవేటు అపరాధ పరిశోధకుడైన ఆయన జేబులో ఆ పరికరం లేకుండా వీధి గుమ్మం దాటరు. షడ్డకుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇద్దరూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లను చేసుకున్నారు. ఈయన పెద్దమ్మాయిని, ఆయన చిన్నమ్మాయిని. అత్తగారి ముందు గదిలో, గడియారానికీ కిటికీకీ నడుమ, యూనిఫాం ధరించిన చిన్నల్లుడి నిలువెత్తు ఫొటో సింహాసనారూఢుడైన చక్రవర్తిలా వేలాడుతూ ఉంటుంది. పెద్దల్లుడు కూడా ఆ గోడ మీద లేకపోలేదు. ఒక గుంపు ఫొటోలో, మూడో వరుసలో, ఎవరిదో భుజం వెనుక నుంచి ఆయన ముఖం సగం కనిపిస్తుంది. పరిశోధించగా ఆ భుజం కూడా చిన్నల్లుడిదేనని తేలింది. మహాయుద్ధాలకు రాజ్యాలు కారణమవుతాయంటారు. ఈ యుద్ధానికి అత్తగారింట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీ చాలింది.

"రండి అన్నగారూ, రండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, వర్క్‌షాపు గుమ్మంలోనే ఎదురై. "మీరింకా రాలేదేమిటా అని మా వాళ్లంతా బెంగపెట్టుకున్నారు. కేసు ఇప్పుడే అయిపోయింది."

"అయిపోయిందా? మాస్టారు పడిపోయి రెండు గంటలైనా కాలేదు కదా, ఇన్‌స్పెక్టర్ గారూ."

"అదే నా దిగులు కూడా. ఇంతసేపు ఎందుకు పట్టిందని పైవాళ్లు అడుగుతారేమో."

భూతద్దంగారు నవ్వారు. ఆ నవ్వుకు ఆయన దవడ ఎముకలు తప్ప శరీరంలోని మరే భాగమూ సహకరించలేదు.

జరిగిన సంగతి ఇది. ఆ వర్క్‌షాపులో మాస్టారు అని అందరూ పిలిచే ఒక పెద్దమనిషి, సాయంత్రాలు ఆసక్తిగలవారికి టెస్లా కాయిల్ కిట్లు తయారుచేయడం నేర్పుతాడు. చూడటానికి చిన్న యంత్రమే. అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు. దాని పక్కన లావుపాటి తీగతో నాలుగైదు చుట్లు, దానిని ప్రైమరీ అంటారు. ఆ చుట్ల నడుమ నిలబెట్టిన గొట్టం మీద వెంట్రుకంత సన్నని రాగితీగ వెయ్యి చుట్లు, అది సెకండరీ. నెత్తిన ఒక లోహపు కిరీటం. కరెంటు ఇస్తే కిరీటం నుంచి ఊదారంగు మెరుపు గాలిలోకి పాకుతుంది. పాట పంపిస్తే ఆ మెరుపే పాడుతుంది. దానిని వాళ్లు 'పలకడం' అంటారు.

మర్నాడు జరగబోయే విజ్ఞాన ప్రదర్శనలో మాస్టారి యంత్రం పలకవలసి ఉంది. ఆ మధ్యాహ్నం భోజనం చేసి, మేడ మీద నుంచి కిందికి దిగి, ఒంటరిగా యంత్రం ముందు కూర్చున్న మాస్టారు కొంతసేపటికి నేల మీద కనిపించాడు. బల్లకు బిగించిన ఇనుప వైస్ అంచుకు తల తగిలింది. రెండు బొటనవేళ్ల మీదా కాలిన మచ్చలు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం ఉంది, స్పృహ లేదు. మొదట చూసి కేక వేసినది ఆయన శిష్యురాలు.

"కేక వేయడమే కాదు, నేరం కూడా ఆవిడే చేసింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వినండి. యంత్రంలో ఉన్న సెకండరీ కాయిల్ ఆ అమ్మాయి చుట్టింది. మాస్టారు దాన్ని తన యంత్రంలో పెట్టుకుని, తన పేరుతో ప్రదర్శనకి తీసుకెళ్తున్నాడు. నిన్న ఇద్దరూ వీధిలోకి వినపడేలా గొడవపడ్డారు. ఇవాళ ఆవిడ వచ్చేసరికి మాస్టారు ఒక్కడే. లక్ష వోల్టులండీ అన్నగారూ, లక్ష! అంటించింది. పడిపోయాడు. స్విచ్ ఆపింది. కేక వేసింది."

"స్విచ్ ఆవిడే ఆపిందని ఎలా చెప్పగలరు?"

"మేం వచ్చేసరికి ఆపి ఉంది. షాక్ కొట్టిన మనిషి లేచి స్విచ్ ఆపి మళ్లీ పడుకుంటాడా? అంటే ఆపినవాళ్లు ఇంకొకరు. ఆ ఇంకొకరు ఎవరు? గదిలో ఉన్నది ఎవరు?" ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ విప్పి చూపించాడు. "ఇది చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మీరు కూడా చెప్పగలరు."

తర్కంలో పగులు ఎక్కడుందో భూతద్దంగారికి వెంటనే అందలేదు. అందకపోవడం ఒక బాధ. అంత పటిష్ఠమైన తర్కం ఆ నోటి నుంచి రావడం అంతకంటే పెద్ద బాధ.

"అయిదింటికి స్టేషన్లో విలేకర్లని పిలిచాను" అని ఇన్‌స్పెక్టరు కొనసాగించాడు. "యంత్రాన్ని అక్కడ పెట్టి, ఆ అమ్మాయి చేతే నడిపిస్తాను. చేసిన చేతులతోనే చేసి చూపించాలి. మెరుపు లేస్తుంది, ఫొటోలు పడతాయి, అరెస్టు ప్రకటిస్తాను. అత్తగారు కూడా వస్తున్నారు. ముందు వరుసలో కుర్చీ వేయించాను." ఒక్క క్షణం ఆగి, "చేతుల కుర్చీ" అన్నాడు.

భూతద్దంగారు జేబులోంచి పరికరం తీసి, కళ్లు దాచుకోవడానికి దానిని అడ్డం పెట్టుకున్నారు.

శిష్యురాలు గది మూలలో స్టూలు మీద కూర్చుని ఉంది. పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగించే పని. చేతులు ఒళ్లో పెట్టుకుంది. 

"నిన్న ఎందుకు గొడవపడ్డావమ్మా?"

"నా కాయిల్ పెట్టుకోండి, కాని కింద నా పేరు కూడా రాయండి అన్నాను. అంతే సార్."

"ఆయనేమన్నారు?"

"గొట్టం నాది, తీగ నాది, నేర్పింది నేను, మధ్యలో నీదేముంది అన్నారు. నా చెయ్యి ఉందన్నాను." ఆమె తల పైకెత్తింది. "నాకు కడుపు మండింది, నిజమే. దాచను. కాని మండితే మాత్రం మనిషిని చంపుతామా? దుకాణంలో మా యజమాని రోజూ మండిస్తాడు. ఇంకా బతికే ఉన్నాడు."

"ఇవాళ ఉదయం యంత్రం పలికిందా?"

"అద్భుతంగా పలికింది సార్. జానెడు మెరుపు. మాస్టారే ప్రైమరీ తీగలు రెండూ అటుదిటు మార్చి బిగించారు, వెంటనే అందుకుంది."

"ఎందుకు మార్చారు?"

"కాయిల్ మారిస్తే ఒక్కోసారి పలకదు. పలకలేదంటే మొదట ఆ రెండు తీగలూ అటుదిటు చెయ్యాలి. మాస్టారు మాకు నేర్పే మొదటి పాఠం అదే."

"చేత్తోనేనా?"

"స్విచ్ ఆపి, స్క్రూ వదులు చేసి, వేళ్లతోనే. రోజుకి పదిసార్లు చేస్తాం. ఇక్కడ ఉండేది ఇరవై నాలుగు వోల్టులే, దానికెవరు భయపడతారండీ? పైగా స్విచ్ ఆపాక కూడా అది ఒక గుక్క పాడి అప్పుడు ఆగుతుంది. బోర్డులో మిగిలిన కరెంటంతా తనే తాగేస్తుంది."

"నువ్వు వచ్చేసరికి స్విచ్?"

"ఆపే ఉంది సార్! ఇన్‌స్పెక్టర్ గారు అడిగినప్పుడల్లా అదే చెప్పాను. పదోసారి చెబితే, 'పది సార్లూ ఒకేలా చెబుతోంది, బాగా బట్టీ పట్టింది' అన్నారు."

"ఇక చాలండి, అన్నగారూ" అంటూ ఇన్‌స్పెక్టరు అడ్డు వచ్చి, కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. "అమ్మాయిని వ్యానెక్కించండి. యంత్రం కూడా సర్దండి."

"ఒక్క నిమిషం" అన్నారు భూతద్దంగారు.

ఆ నిమిషంలో ఆయన రెండు సంగతులు చూశారు. ఏ మహర్షికైనా అంత కొద్ది తపస్సుకు అంత ఫలితం దక్కి ఉండదు.

మొదటిది కాయిల్. గోడ అరలో శిష్యులు చుట్టిన గొట్టాలు పది పదిహేను వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద భూతద్దం పెట్టి చూస్తే, తీగ ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతున్నట్టు లేశమాత్రపు వాలు కనిపిస్తుంది. అన్నింటిదీ ఒకే వాలు. వాటిని చుట్టే చెక్క చట్రం కిటికీ దగ్గర ఉంది, తిప్పే పిడి కుడివైపు. కాని యంత్రంలో ఉన్న కాయిల్‌ది ఎదురు వాలు. వట్టి కంటికి రెండూ కవలపిల్లలే.

రెండవది ఒక డబ్బా. యంత్రానికి వెనుక, బల్ల మీద, ఇటుకంత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఇంటి కరెంటును తీసుకుని ఇరవై నాలుగు వోల్టులకు దించి బోర్డుకు ఇవ్వడం దాని ధర్మం. దాని నుంచి బయటికి వచ్చే తీగలు గాలిలో వేలాడుతున్నాయి. బోర్డుకు తగిలించిన తీగ మాత్రం నేరుగా గోడ దాకా పోయే ప్లగ్గుది. అంటే ఎవరో మధ్యవర్తిని తప్పించి, ఇంటి కరెంటును ఉన్నదున్నట్టుగా బోర్డులోకి వదిలారు.

"ఆ ఇటుక కూడా తీసుకెళ్లాలా సార్?" అని కానిస్టేబుల్ అడిగాడు.

"పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకున్నట్టున్నాడు. అనవసరమైన సామాను వద్దు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

భూతద్దంగారు నోరు తెరిచారు. చెప్పవలసిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు ఆయన భుజం తట్టి, "మీకూ ఒక కుర్చీ వేయిస్తాను లెండి. వెనక వరుసలో, స్తంభం పక్కన. చల్లగా ఉంటుంది" అన్నాడు.

నోరు మూసుకుంది.

ఎందుకు చెప్పాలి? వాలు ఎదురుగా ఉన్న కాయిల్ ఆ అమ్మాయిది కాదు. చుట్టు ఎదురైతే ప్రైమరీ తీగలూ ఎదురు కావాలి. అమ్మాయి కాయిల్ కోసం ఉదయం బిగించిన తీగలతో ఈ కాయిల్ చచ్చినా పలకదు. విలేకర్ల ఎదుట, ఫొటోల ఎదుట, చేతుల కుర్చీలో ఆసీనురాలైన అత్తగారి ఎదుట, లక్ష వోల్టుల మహానుభావుడు స్విచ్ వేస్తాడు. యంత్రం మూగగా కూర్చుంటుంది. ఆ దృశ్యం భూతద్దంగారి మనోనేత్రం ముందు సప్తవర్ణాలతో ఆవిష్కృతమైంది. పలకని యంత్రం ఎవరిని ఏం చేస్తుంది? కరెంటు ఎంతైనా పారనీ, చచ్చిన యంత్రం చచ్చినట్టే ఉంటుంది.

"శుభం, ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నారు ఆయన, ఈసారి శరీరమంతా నవ్వుతూ.

వ్యాన్ వెళ్లిపోయాక ఆయన మేడ మెట్లు ఎక్కారు.

మాస్టారి భార్య ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సంచి సర్దుతోంది. గుమ్మంలో కొత్తమనిషిని చూసి ఆగలేదు. ఎవరని కూడా అడగలేదు.

"కూర్చోండి బాబూ. ఆ కుర్చీ మీద బట్టలు పక్కకి పెట్టండి. అయిదున్నరకి లోపలికి పంపిస్తామన్నారు, ఈలోగా ఏం అడగాలో అడగండి."

"ఆ అమ్మాయి ఎలాంటిదమ్మా?"

"మంచి పిల్ల. చెయ్యి శుభ్రం."

"ఆ పిల్లంటే మీకు గిట్టదని వీధిలో అనుకుంటున్నారు."

ఆవిడ ఫోన్ చార్జరు తీగను చేతికి చుట్టుకుంటూ నవ్వింది. "అనుకోనివ్వండి. ఆయన ఆ పిల్ల ముఖం చూశారని నాకు కుళ్లట! పెళ్లయినప్పటి నుంచి నా ముఖమే సరిగ్గా చూడలేదు ఆయన, దాని ముఖం చూస్తారా? వీధిలో ఎదురుపడితే పోల్చుకోలేరు. కాయిల్ కనిపిస్తే మాత్రం వంద గజాల నుంచి గుర్తుపడతారు."

"మరి ఇవాళ గుర్తుపట్టలేదే!"

చార్జరు తీగ చుట్టుతున్న చెయ్యి ఆగింది. అది ఎడమ చెయ్యి.

గదిలో ఆ మూల, ఇస్త్రీ బల్ల వెనుక, ఇంకొక చెక్క చట్రం గోడకు ఆనించి ఉంది. కిందనున్న దానికి అచ్చమైన తోబుట్టువు. పిడి మాత్రం ఎడమవైపు. ఆ పిడి చేతివాటుకు అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది.

"అది పాతదండీ. మూలనపడి ఉంది" అంది ఆవిడ, అడగకుండానే.

"దుమ్ము లేదు."

"రోజూ తుడుస్తాను."

"ఇస్త్రీ బల్ల తుడవలేదు మరి." ఆయన లేచి చట్రం దగ్గరకు వెళ్లారు. "అమ్మా, మాస్టారు కుడిచేత్తో రాస్తారు. స్క్రూడ్రైవరు కుడివైపే పెట్టుకున్నారు. కింద శిష్యులందరూ కుడిచేత్తో చుట్టారు. యంత్రంలో ఉన్న కాయిల్ మాత్రం ఎడమచేత్తో చుట్టినది."

"గొట్టం తలకిందులుగా పెట్టి ఉంటారు. అప్పుడు అటు చుట్టు ఇటు కనిపిస్తుంది."

ఆయన ఆవిడ చేతిలోంచి చార్జరు చుట్టను మెల్లగా తీసుకుని, వేళ్ల మధ్య నిలబెట్టి, తలకిందులు చేశారు. తీగ ఎక్కే వాలు మారలేదు. మళ్లీ తిప్పారు. మారలేదు.

"మరమేకును ఎటు తిప్పి పట్టుకున్నా దాని మర మారదమ్మా. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు."

ఆవిడ మంచం మీద కూర్చుంది. చాలాసేపు సంచి జిప్పును వేస్తూ తీస్తూ ఉంది.

"ఆయన పేరు మీద ఎన్ని యంత్రాలు బయటికి వెళ్లాయో తెలుసా బాబూ?" అంది చివరికి. "బోర్డు ఆయనది. టంకం ఆయనది. కాయిల్ నాది. అన్నీ, మొదటి దాని నుంచీ. వెయ్యి చుట్లలో ఒక్క తీగ ఇంకోదాని మీదికి ఎక్కకూడదు, మధ్యలో సందు ఉండకూడదు. ఆయనకి ఓపిక లేదు, నూట యాభై దగ్గర తెంపేస్తారు. నేను చుట్టేదాన్ని. అన్నం మానేసి చుట్టేదాన్ని. నా పేరు రాయమని ఏనాడైనా అడిగానా? ఆ పిల్లలా వీధిలో పోట్లాడానా?"

"లేదు."

"నిన్న సాయంత్రం ఆ పిల్ల చుట్టిన కాయిల్ ఒళ్లో పెట్టుకుని, ఇదిగో, ఈ మంచం మీదే కూర్చుని, 'ఇంత శుభ్రంగా చుట్టిన చెయ్యి నా జన్మలో చూడలేదు' అన్నారు." ఆవిడ గొంతు పెరగలేదు, మరింత తగ్గింది. "నాతో అన్నారు బాబూ. ఎవరితోనో కాదు."

అసూయకు సంబంధించినంత వరకు భూతద్దంగారు మహాపండితులు. కాని ఇంత శుద్ధమైన సరుకు ఆయనకు ఇంతవరకు ఎదురుపడలేదు. తమ చేతుల కుర్చీ ఆయనకు హఠాత్తుగా కొంచెం చిన్నదిగా కనిపించింది.

"భోజనం పెట్టేసి మీరు కిందికి వెళ్లారు."

"ఆయన తింటున్నారు. ఆ పిల్లది తీసేసి నాది పెట్టాను. ఎంతసేపండీ, కింద ఒక తీగ, పైన కిరీటం, అంతే. రేపు అందరి ముందూ నాది పలుకుతుంది, అది ఆ పిల్లదే అనుకుని ఆయన అందరి ముందూ మెచ్చుకుంటారు. అది చాలనుకున్నాను. మెచ్చుకోవడం వినాలనుకున్నాను, అంతే."

ఆవిడ లేచి బీరువా తెరిచింది. మడతపెట్టిన దుప్పట్ల మధ్య నుంచి, మెత్తటి తువ్వాలులో చుట్టిన గొట్టం బయటికి తీసి ఆయన చేతుల్లో పెట్టింది. రాగితీగ సాయంత్రపు వెలుతురులో పట్టుబట్టలా మెరిసింది.

"పగలగొడదామనే పైకి తెచ్చాను. చెయ్యి రాలేదు." ముఖం పక్కకు తిప్పుకుంది. "అంత బాగా చుట్టింది ముండ."

"ప్రైమరీ తీగలు మార్చాలని మీకు తట్టలేదా?"

"ఎందుకు తడుతుంది? ఆయన యంత్రం ఎప్పుడూ నా కాయిల్‌కే బిగించి ఉంటుంది. ఉదయం ఆయన మార్చారని నాకెవరు చెప్పారు? ఈ ఇంట్లో నాకెవరు ఏం చెబుతారు గనక?" అంతలో ఆవిడ ఆగిపోయింది. రంగు మారిన ముఖంతో, "అంటే... పలకలేదా? ఆయన కూర్చున్నప్పుడు అది పలకలేదా?" అంది.

"పలకలేదు. కాయిల్ మారిందని ఆయనకు తెలియదు. ఉదయం అమోఘంగా పలికిన కాయిల్, ఉదయం సరిచూసి బిగించిన తీగలు. కాబట్టి తప్పు వాటిలో ఉండదనుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ చెడిందనుకుని దాన్ని తప్పించి, ఇంటి కరెంటు నేరుగా ఇచ్చారు. అప్పటికీ పలకలేదు. ఇక అన్నిటికంటే చివర, అందరికీ నేర్పే మొదటి పాఠం గుర్తుకొచ్చింది. స్విచ్ ఆపారు. తీగలు మార్చడానికి వేళ్లు..."

వాక్యం అక్కడ తెగిపోయింది.

స్విచ్ ఆపారు. ఆపింది మాస్టారే. ఇంకొకరెవరూ లేరు. షడ్డకుడి తర్కంలోని పగులు ఇదిగో, ఇక్కడుంది. మరి స్విచ్ ఆపిన మనిషిని ఏది కొట్టింది? 'బోర్డులో మిగిలిన కరెంటంతా తనే తాగేస్తుంది' అంది ఆ అమ్మాయి. పాడే కాయిల్ తాగుతుంది. అందుకే రోజుకు పదిసార్లు వేళ్లు పెట్టినా ఎవరికీ ఏమీ కాలేదు. మరి పాడని కాయిల్?

"అమ్మా, బోర్డు మీద గుండ్రటి డబ్బాల్లాంటివి ఉంటాయి కదా..."

"కెపాసిటర్లా? ఉంటాయి. ప్రైమరీ స్క్రూల పక్కనే వాటి కాళ్లు."

"కాయిల్ పలకకపోతే, స్విచ్ ఆపాక వాటిలో ఉన్న కరెంటు?"

"ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది." ఆవిడ ఆయనను వింతగా చూసింది. "పలికేది ఏదీ మిగల్చుకోదు బాబూ. పలకనిదే దాచుకుని కూర్చుంటుంది."

భూతద్దంగారు గోడ గడియారం వైపు చూశారు. అయిదు దాటింది.

ట్రాన్స్‌ఫార్మర్ కిందనే ఉంది. తాను చూస్తుండగా వదిలేశారు. యంత్రం స్టేషన్లో ఉంది, నేరుగా గోడకు తగిలే ప్లగ్గుతో. అందులో ఉన్నది పలకని కాయిల్. ఆ సంగతి ముందే తెలిసినవాడు తానొక్కడే, దాచుకున్నవాడూ తానే. యంత్రం ముందు కూర్చోబోయేది షడ్డకుడు కాదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదని తెలియని పిల్ల, ఇరవై నాలుగు వోల్టులకు ఎవరు భయపడతారని అడిగిన పిల్ల. పలకలేదంటే ఏం చెయ్యాలో ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. మొదటి పాఠం అది.

ఆయన కాయిల్‌ను ఆవిడ చేతిలో తిరిగి పెట్టి, ఫోన్ తీసి ఇన్‌స్పెక్టరుకు చేశారు. రెండుసార్లు మోగి తెగిపోయింది. మళ్లీ చేశారు. మోగకుండానే తెగిపోయింది. గత పదిసార్లూ ఆయన ఫోన్ చేసింది ఎత్తిపొడవడానికే కాబట్టి, అవతలివాడిని నిందించడానికి కూడా వీల్లేకపోయింది. స్టేషన్ నంబరు ఎవరూ ఎత్తలేదు. అందరూ మెరుపు చూడటానికి పోయి ఉంటారు.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. భూతద్దంగారు తమ ఆత్మగౌరవాన్ని మాస్టారి మంచం మీద, ఆసుపత్రి సంచి పక్కన వదిలేసి అత్తగారికి ఫోన్ చేశారు.

"ఎవరూ?" అంది అత్తగారు. నంబరు పేరుతో సహా కనిపిస్తున్నా ఆవిడ ఆయనను ఎప్పుడూ అలాగే అడిగేది.

"నేనండీ, మీ పెద్దల్లుణ్ణి. అత్తయ్యగారూ, ఫోన్ తమ్ముడికివ్వండి."

"ఏ తమ్ముడు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ మాట ఆయన నోట ఆవిడ మొదటిసారి వింటోంది.

"మీ చిన్నల్లుడు! తొందరగా!"

"ఇప్పుడెలా ఇస్తాను, అందరూ ఫొటోలు తీస్తుంటే? నువ్వెక్కడున్నావు? స్తంభం పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. ఎప్పుడూ ఇంతే, వేళకి రావు."

ఆవిడ మాటల వెనుక, దూరంగా, మరో గొంతు వినిపించింది. ఇన్‌స్పెక్టరుది. "ఏంటిది, స్విచ్ వేసి ఇంతసేపయింది, ఉలుకూ పలుకూ లేదు? ఏమ్మా, ఏదైనా తీసేశావా ఇందులోంచి?"

దానికి సమాధానంగా, తన పని తాను ఎరిగిన గొంతుతో, ఆ అమ్మాయి అంది:

"ఏం తియ్యలేదు సార్. స్విచ్ ఆపండి. రెండు తీగలు అటుదిటు చెయ్యాలి, అంతే. నేను చేస్తాను."

టక్కుమని స్విచ్ ఆగిన చప్పుడు.

"అత్తయ్యగారూ!" భూతద్దంగారి కేకకు మాస్టారి భార్య చేతిలోని కాయిల్‌ను గుండెలకు హత్తుకుంది. "లేవండి! లేచి ఆ అమ్మాయి చేతులు పట్టుకుని వెనక్కి లాగండి! యంత్రాన్ని ముట్టుకోనివ్వకండి! తప్పు నాది, అంతా తరవాత చెబుతాను, ముందు లాగండి!"



పెద్దమ్మాయి పెళ్లయిన ఈ పద్దెనిమిదేళ్లలో ఆవిడ తన పెద్దల్లుడు చెప్పిన పని ఒక్కటీ చేసి ఎరుగదు.

ఫోన్‌లో, చేతుల కుర్చీ ఒకటి గచ్చు మీద బర్రున వెనక్కి జరిగింది.